కాంపొనెంటా, కాంపిటెంటా?

2006లో ఒక శుక్రవారం రాత్రి పదకొండు దాటాక, ఒక కాన్ఫరెన్సు కాల్‌లో నేను మంచికి పోయి చెడు తెచ్చుకున్నాను. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీలో ఏదో ప్రోగ్రాము కూలబడింది. లైను మీద పదిహేనుమందిమి ఉన్నాం. తప్పంతా వేరే ఊళ్ళో ఉన్న ఒక చిన్న టీము మీదకి తోసేసే ప్రయత్నం నడుస్తోంది. నిజానికి పాడైన భాగం వాళ్ళది కాదు, మాదే. ఉండబట్టలేక కల్పించుకుని "నాట్ దెయిర్ కాంపొనెంట్" అన్నాను. అవతల నిశ్శబ్దం. నా నిజాయితీకి అందరూ ముగ్ధులైపోయారు కాబోలు అనుకుని నిద్రపోయాను.

సోమవారం పొద్దున్నే మా మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పదిహేనుమంది ఎదుట ఒక టీముని పట్టుకుని చేతకానివాళ్ళు అనడం పద్ధతి కాదన్నాడు. నేను అనలేదన్నాను. అన్నావు, అందరూ విన్నారన్నాడు. వాళ్ళకి వినపడింది "నాట్ కాంపిటెంట్" అని. మిగతా మాటలు ఆ ఫోను లైను మింగేసింది. క్షమాపణ ఉత్తరం రాశాను కానీ, నేను అనని మాటకి ఎందుకు క్షమాపణ చెప్పుకుంటున్నానో నాకు బోధపడలేదు. రెండు నెలల తరవాత, రిటైరవబోతున్న ఒక సహోద్యోగి కాఫీ తాగుతూ అసలు సంగతి విప్పి చెప్పాడు. "నువ్వు అక్షరాలన్నీ సరిగ్గానే పలుకుతావు. బరువు మాత్రం తప్పు చోట పెడతావు" అన్నాడు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో, ఆ తరవాత ఇంజనీరింగు దాకా తెలుగు కలిసిన ఇంగ్లీషులో చదువుకున్న నాకు, మాటకి బరువు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

ఇంగ్లీషులో రెండో మూడో సిలబుల్స్ ఉన్న ప్రతి మాటలోనూ ఒక సిలబుల్ మిగతావాటికంటె ఎత్తుగా, పొడుగ్గా, స్పష్టంగా వినబడుతుంది. భాషాశాస్త్రం వాళ్ళు తెలుగులో దీన్ని 'ఊనిక' అంటారు. ఊనిక పడిన ముక్కకి ముందు, నిఘంటువుల్లో చేసినట్టే, చిన్న కొమ్ము గీత పెట్టి చూపిస్తాను. అమెరికావాళ్ళ నోట కాంపొనెంట్ అనేది కం-'పో-నెంట్. కాంపిటెంట్ అనేది 'కాం-పి-టెంట్. మొదటిదానిలో శిఖరం రెండో ముక్క, రెండోదానిలో మొదటి ముక్క. వినేవాడు మన మాటని అక్షరం అక్షరం కూడబలుక్కుని పోల్చుకోడు. ముందుగా శిఖరం ఎక్కడుందో పట్టుకుంటాడు. 'కాం' మీద శిఖరం ఉండి, చివర 'ఎంట్' అని వినబడితే, అతని బుర్రలోని పట్టికలో దగ్గరగా దొరికేది కాంపిటెంటే. మధ్యనున్న 'పొ'ని, 'పి'ని అతను పెద్దగా లెక్కచెయ్యడు, ఎందుకంటే బరువులేని ముక్కల్లో అచ్చులు ఎలాగూ నలిగిపోయి ఉంటాయని అతనికి తెలుసు.

మరి మనం 'కాం'ని ఎందుకు ఎత్తుతాం? చదువురాక కాదు, మన తక్కెడ వేరు కనక. చిన్నప్పుడు తెలుగు మాస్టారు గురువులూ లఘువులూ గుర్తించమని బెత్తం పట్టుకుని నేర్పారు కదా, అదీ ఆ తక్కెడ. దీర్ఘం ఉంటే గురువు. సున్న ఉంటే గురువు. తరవాత జంటహల్లో సంయుక్తాక్షరమో వస్తే ముందున్నది గురువు. 'కాంపొనెంట్' అని తెలుగులో రాసుకుని చూడండి: 'కాం' దీర్ఘమూ సున్నా రెండూ ఉన్న గురువు, 'పొ' లఘువు, 'నెం' గురువు. అసలు మాటలో బరువంతా మోసే ముక్కని మనం లఘువు చేశాం, నలిగిపోవలసిన ముక్కకి దీర్ఘం ఇచ్చి గద్దె ఎక్కించాం. తెలుగు ఛందస్సు ప్రకారం నేను తప్పేమీ మాట్లాడలేదు, వచ్చిన చిక్కల్లా అవతలివాడికి ఛందస్సు రాకపోవడమే.

తెలుగులో పడు వేరు, పాడు వేరు. గడి వేరు, గడ్డి వేరు. అచ్చు పొడుగు, హల్లు జంట మారితే అర్థం మారిపోతుంది కాబట్టి మన చెవి వాటి మీదే కాపలా కాస్తుంది. ఊనిక మారితే మనకి అర్థం మారదు, మహా అయితే మనిషికి కోపం వచ్చిందనుకుంటాం. ఇంగ్లీషులో ఊనికే అర్థాన్ని మారుస్తుంది. అందుకే మన ఆఫీసుల్లో 'పారామీటర్' అనే మాట ఇన్నేళ్ళుగా రాజ్యమేలుతోంది. అది పె-'ర్యా-మి-టర్. 'డెవలప్' అని మొదటి ముక్కని నొక్కుతాం, అది డి-'వె-లప్. చివరికి మన వృత్తి పేరే మనం సరిగ్గా పలకం: ఇంజనీర్ అన్న మాటలో ఊనిక చివర ఉంటుంది, ఇం-జి-'నీర్.

ఇలా ఒక్కొక్క మాటా బట్టీపట్టడం మొదలుపెట్టి, రెండు వారాల్లో విసుగెత్తి వదిలేశాను. మాటని ముక్కలు చేసి చూడడం అలవాటయ్యాకనే కొంత దారి దొరికింది. పొడుగాటి మాటంటే తెలుగువాడికి భయం ఉండవలసిన పని లేదు. 'చేయించుకోలేకపోయినవాళ్ళకి' అన్నది మనం ఒక్క గుక్కలో అనేస్తాం, అందులో చేయి, ఇంచు, కొను, లేక, పోయిన, వాళ్ళు, కి అని ఏడు ముక్కలున్నాయని ఎవరూ ఆగి చూసుకోరు. కాని మన ముక్కలు బుద్ధిమంతులు. వెనక ఇంకొకటి తగిలించినంత మాత్రాన ముందున్నవి తమ బరువు మార్చుకోవు. ఇంగ్లీషులో తోక తగిలిస్తే బరువు మాట పొడుగునా నడిచి ఇంకోచోట కూర్చుంటుంది.

కంప్యూటరువాళ్ళు రోజూ వాడే ఒక మాటే తీసుకుందాం. ఆ-'థెన్-టిక్. దానికి 'ఏట్' అనే తోక తగిలిస్తే ఆ-'థెన్-టి-కేట్. 'ఇటీ' తగిలిస్తే ఆ-థెన్-'టి-సి-టీ. 'ఏషన్' తగిలిస్తే ఆ-థెన్-టి-'కే-షన్. ఒకే మొదలు, నాలుగు మాటలు, మూడు చోట్ల శిఖరం. నిర్ణయించేది తోక. 'ఇక్', 'ఇటీ', 'షన్' అనే తోకలు ఉంటే, వాటికి సరిగ్గా ముందున్న ముక్క మీద బరువు పడుతుంది. 'ఏట్' తోకతో అంతమయ్యే పొడుగు క్రియల్లో ఒక ముక్క వదిలి దాని ముందరిదాని మీద పడుతుంది. 'ఈర్', 'ఈ' అనేవి బరువు తమ మీదకే లాక్కుంటాయి: వా-లన్-'టీర్, ఎం-ప్లాయ్-'ఈ. 'నెస్', 'ఫుల్', 'లీ', 'ఇంగ్' లాంటివి వినయంగా వెనక వేళ్ళాడతాయి తప్ప దేన్నీ కదపవు. ఈ నాలుగు వాక్యాలు నాకు పదేళ్ళ ముందు ఎవరైనా కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో! అపవాదాలు లేవనను. పాలిటిక్స్, అరబిక్ మాట వినవు. అరిథ్మెటిక్ అయితే లెక్కల శాస్త్రం అన్న అర్థంలో ఒకచోట, విశేషణంగా ఇంకోచోట నొక్కించుకుంటుంది. అయినా నూటికి తొంభైసార్లు గట్టెక్కొచ్చు.

ఇరవై అక్షరాల ఇంటర్నేషనలైజేషన్ అనే మాటని మా వాళ్ళు రాయలేక, మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ మధ్య పద్ధెనిమిది ఉన్నాయని లెక్కపెట్టి 'ఐ18ఎన్' అని రాసుకుంటారు. రాయడానికి భయపడ్డా పలకడానికి భయం అక్కర్లేదు. తోక 'షన్', దాని ముందు 'జే', బరువు అక్కడ. మిగిలిన ఆరు ముక్కలూ దాని వెంట దొర్లుకుంటూ వచ్చేస్తాయి.

ఇంతవరకు ఊనిక సంగతి. అసలు మాటని ఎక్కడ కొయ్యాలి అన్న ప్రశ్నని దాటేశాను. అది అంత తేలికైనది కాదని కంప్యూటరు రంగంలో ఉన్నవాళ్ళకి ఎప్పుడో తెలుసు. అచ్చువేసేటప్పుడు వరస చివర మాట పట్టకపోతే దాన్ని విరిచి అడ్డగీత పెట్టి కింది వరసలోకి తోస్తాం కదా. ఆ విరిచే చోటు యంత్రానికి ఎలా తెలుస్తుంది? డోనాల్డ్ క్నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాము కోసం, ఆయన దగ్గర స్టాన్‌ఫర్డులో చదువుకున్న ఫ్రాంక్ లియాంగ్ ఈ ప్రశ్న మీదే డాక్టరేటు చేశాడు. 1983లో వచ్చిన ఆ సిద్ధాంతగ్రంథం పేరులోని మాటల్ని కూడా ముక్కలుగా విరిచి, మధ్యలో అడ్డగీతలు పెట్టి అచ్చువేశారు. నిఘంటువునంతా కంఠస్థం చేయించకుండా, ఏ అక్షరాల గుంపు పక్కన విరవవచ్చు, ఎక్కడ విరవకూడదు అనే 4,447 నమూనాలతో పని జరిపించాడు. ఈనాటికీ చాలా ప్రోగ్రాముల్లో ఆ పద్ధతే నడుస్తోంది. నాకు ముచ్చట కలిగించేది ఆ 4,447 కాదు. వాటికి లొంగని మాటలంటూ పక్కన పెట్టుకున్న 14 మాటల చిట్టా. అందులో ప్రెజెంట్, ప్రాజెక్ట్ ఉన్నాయి, అసలు విరవవద్దు అనే ఆజ్ఞతో సహా. ఎందుకంటే నామవాచకమైతే 'ప్రెజ్-ఎంట్, క్రియ అయితే ప్రి-'జెంట్. నామవాచకమైతే 'ప్రాజ్-ఎక్ట్, క్రియ అయితే ప్ర-'జెక్ట్. ఊనిక తెలిస్తేగాని కోత తెలియదు, వాక్యం అర్థమైతేగాని ఊనిక తెలియదు. యంత్రం చేతులెత్తేసిన ఆ రెండు మాటల్నీ మనం రోజుకి వందసార్లు, ఎప్పుడూ ఒక్కలాగే పలుకుతాం.

ఆ గ్రంథం పేరులో కంప్యూటర్ అన్న మాటని కం-ప్యూట్-ఎర్ అని విరిచారు. నోటితో పలికితే కం-ప్యూ-టర్. 'ట' కారం ఎటు చేరాలి? అర్థాన్ని బట్టి చూస్తే కంప్యూట్ చేసేది కాబట్టి ఇటు, నోటిని బట్టి చూస్తే అటు. ఇది మనకి కొత్త తగాదా కాదు. 'పద్మ' అని రాసేటప్పుడు ప, ద్మ అని రాస్తాం. పలికేటప్పుడు పద్-మ అంటాం. 'ప' ఎందుకు గురువయింది అంటే, కాగితం మీద కింది అక్షరంతో ఉన్న 'ద్' నోట్లో పైదానికి ఆనుకుంటుంది కాబట్టి. ఉత్పలమాలని భ, ర, న, భ, భ, ర, వ అని గణవిభజన చేసిన ప్రతివాడూ మాటల నడుములు విరిచినవాడే. గణం తెగేచోట మాట తెగాలన్న నియమం లేదు. ధ్వని కోత ఒకటి, అర్థం కోత ఒకటి.

అర్థం కోత తెలియక ధ్వని కోతనే నమ్ముకుంటే తమాషాలు జరుగుతాయి. హెలికాప్టర్‌లో ఉన్నవి గ్రీకు ముక్కలు. 'హెలికో' అంటే సుడి తిరిగేది, 'ప్టెర్' అంటే రెక్క. రెక్కా వేలూ కలిసిన టెరొడాక్టిల్‌లో ఉన్నదీ ఆ రెక్కే. కాని ఇంగ్లీషు నోరు 'ప్టె' అనలేదు. అందుకని హెలి, కాప్టర్ అని విరుచుకుంది. అలా ఊడిపడిన హెలి నుంచి హెలిపోర్టు, హెలిపాడ్ పుట్టాయి, కాప్టర్ విడిగా బతుకుతోంది. తప్పు కోతకి పుట్టిన పిల్లలు కూడా నిఘంటువులో దర్జాగా కూర్చున్నాయి.

స్పెల్లింగు పోటీలకి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో ఈ విద్య మరో రూపంలో కనిపిస్తుంది. 1985లో బాలు నటరాజన్ జాతీయ పోటీ గెలిచిన దగ్గరనుంచి మనవాళ్ళకి ఇదో వ్రతమైపోయింది. 1989లో మొదలైన నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ నడిపే పోటీల పుణ్యమా అని వారాంతాల్లో పిల్లల్ని కారులో వేసుకుని తిరగని తల్లిదండ్రులు మన సంఘంలో తక్కువ. మా అమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు అలాంటి ఒక పోటీలో పాల్గొంది. పిల్లలు మాట వినగానే "ఇది ఏ భాష నుంచి వచ్చింది?" అని అడుగుతుంటే, తీరికగా ఆలోచించుకోవడానికి వేసే ఎత్తు అనుకునేవాణ్ణి. మా అమ్మాయే నాకు పాఠం చెప్పింది.

ఊనిక పడని ముక్కల్లో అచ్చు నలిగి, అ కాకుండా ఇ కాకుండా ఒక గొణుగుడుగా మిగులుతుంది. దీన్ని ష్వా అంటారు. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు, అందుకే నేను పైన రాసిన ఉచ్చారణలన్నీ ఉజ్జాయింపులే. ఇంగ్లీషులో ఆ గొణుగుడుని ఏ, ఈ, ఐ, ఓ, యూ అయిదింటిలో దేనితోనైనా రాస్తారు. చెవి సాయం చెయ్యదు. పిల్లలు ఓడిపోయేది చాలాసార్లు ఇక్కడే. అప్పుడు చేసే పని ఏమిటంటే, మాటకి ఇంకో తోక తగిలించి బరువుని ఆ గొణుగుడు మీదకి జరపడం. గ్రామర్ చివర 'ఈ' రాయాలా 'ఏ' రాయాలా? గ్ర-'మ్యా-టి-కల్ అని చూడు, 'ఏ' బయటపడుతుంది. డెఫినిట్ మధ్యలో ఏమిటి? డె-ఫి-'ని-షన్ అను, 'ఐ' కనబడుతుంది. నన్ను ముంచిన కాంపిటెంట్‌లోని నలిగిన రెండో అచ్చు సంగతి కం-'పీట్ అన్న క్రియని అడిగితే చెబుతుంది. నాకు శత్రువనుకున్న ఊనిక వాళ్ళ చేతిలో టార్చిలైటులా పనిచేస్తోంది.

జరపడానికి వీలుకాని మాటలకి పుట్టిల్లు అడగాలి. 2023లో దేవ్ షా గెలిచిన మాట సామొఫైల్. ఇసుకని ఇష్టపడే ప్రాణి అని అర్థం. 'సామ్' ముందు పలకని 'పీ' ఒకటి నక్కి ఉంటుంది. అది గ్రీకు అని తెలిస్తే ఆ 'పీ'ని ఊహించవచ్చు, మధ్యలో గొణిగే అచ్చునీ ఊహించవచ్చు. గ్రీకువాళ్ళు రెండు మాటల్ని అతికేటప్పుడు సాధారణంగా 'ఓ' వాడతారు, లాటిన్‌వాళ్ళు 'ఐ' వాడతారు. థర్మామీటరుకి 'ఓ', కార్నివోరుకి 'ఐ'. మన సంధుల పట్టిక బట్టీపట్టినవాళ్ళకి ఇది ఒక లెక్కా! మా అమ్మాయి మాత్రం ఆ ఏడు మూడో రౌండులోనే ఒక ఫ్రెంచి మాట దగ్గర ఇంటికొచ్చేసింది.

2017 వేసవిలో మా అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చింది. వచ్చిన మూడో వారం రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే ఆసుపత్రిలో చేర్చాం. నేను ఇంటికి వచ్చి పిల్లని పడుకోబెడుతుండగా నర్సు ఫోను చేసి, డాక్టరుగారు పొద్దున్న ఫలానా ఆపరేషన్ చేద్దామంటున్నారు, వచ్చి సంతకం చెయ్యాలి అంది. నాకు వినపడింది 'కొలాస్టమీ' అని. మా బాబాయికి కాన్సరొచ్చినప్పుడు ఆ మాట విన్నాను. పొట్టకి రంధ్రం చేసి, సంచీ తగిలించి, ఆయన చివరి రెండేళ్ళూ ఎలా గడిపారో కళ్ళారా చూశాను. కారులో ఆసుపత్రికి వెళ్ళే ఇరవై నిమిషాలూ ఆ సంచీ తప్ప ఇంకేమీ కనబడలేదు. అమ్మకి ఎలా చెప్పాలా అని తెలుగులో వాక్యాలు కూర్చుకున్నాను.

కాగితం చేతికొచ్చాక చూస్తే అది కొలాస్టమీ కాదు, కోలిసిస్టెక్టమీ. మొదలు 'కో', చివర 'టమీ', రెండూ ఒకటే. మధ్యలో శిఖరం వేరు. ఒకటి క-'లాస్-ట-మీ, ఇంకొకటి కో-లి-సిస్-'టెక్-ట-మీ. నర్సు 'టెక్' దగ్గర గొంతు స్పష్టంగానే ఎత్తి ఉంటుంది. నేను పదకొండేళ్ళ తరవాత కూడా అన్ని ముక్కల్నీ ఒకే బరువుతో వింటూ, మొదలూ చివరా పట్టుకుని, మధ్యలో భయాన్ని నింపుకున్నాను. ఆపరేషన్ల పేర్లలో ఊనిక ఎప్పుడూ ఆ తేడా చూపే ముక్క మీదే పడుతుంది: 'టమీ'కి ముందు 'ఎక్' ఉంటే కోసి తీసెయ్యడం, 'ఆస్' ఉంటే ద్వారం పెట్టడం, రెండూ లేకుండా 'ఆటమీ' అంటే ఉత్త కోత.

అక్కడే కుర్చీలో కూచుని మాటని విప్పాను. 'కోలి' అంటే గ్రీకులో పిత్తం. మన ఇళ్ళలో రోజూ వినబడే కొలెస్ట్రాల్‌లో ఉన్నదీ అదే, అది మొదట దొరికింది పిత్తాశయంలోని రాళ్ళలో. 'సిస్ట్' అంటే సంచీ, ఆశయం. 'ఎక్టమీ' అంటే కోసి తియ్యడం. కోలి, సిస్ట్ పక్కపక్కన పెడితే ముక్కకి ముక్క మన పిత్తాశయమే. పిత్త, ఆశయం అని విడిగా ఉన్నవి కలిసి 'త్తా' ఎలా అయ్యిందో, అక్కడ కూడా సిస్ట్ చివరి 'ట' కారం పక్కింటికి పోయి 'టెక్' అయ్యింది. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి చేసిన ఆపరేషన్. ఇప్పుడు చాలామందికి చిన్న రంధ్రాలతో చేసి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారు.

"ఏమంటున్నార్రా?" అంది అమ్మ.

"పిత్తాశయంలో రాళ్ళున్నాయమ్మా, ఆ సంచీ తీసేస్తారుట."

"ఓస్, అంతేనా! మన వీధిలో నలుగురికి తీశారు" అని అటు తిరిగి పడుకుంది.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి నాయనమ్మ మంచం పక్కన కూచుని, తాళం వేస్తూ ఆ మాట నేర్పింది. 'టెక్' దగ్గర చప్పట్లు కొట్టాలి. నెలాఖరున డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇదివరకు ఏమైనా ఆపరేషన్లు జరిగాయా అని ఫారం నింపే అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఆ మాటని 'టెక్' దగ్గర గొంతెత్తి అనేసింది. ఆ అమ్మాయి తలెత్తకుండా రాసుకుంది. మర్నాడు ఆఫీసులో నేను ఎప్పటిలాగే 'పారామీటర్' అన్నాను.